మొదటి పిస్టల్ కొనే ముందు నీళ్ల సీసా పట్టుకోండి

సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు పోయినవాళ్లకు బుగ్గల (బెలూన్ల) దుకాణం గుర్తుండే ఉంటుంది. చెక్క పలకకు వరసగా రంగురంగుల బుగ్గలు, ముందు బల్ల మీద దారం చుట్టిన పాత ఎయిర్ గన్. 2024 జాతరలో మా మేనకోడలు అక్కడ పది గుండ్లు కాల్చి రెండే బుగ్గలు పగలగొట్టింది. దుకాణం అతను నవ్వి, "ఈ తుపాకి కుడికి కొడతది బిడ్డా, జర ఎడమకు పట్టు" అన్నాడు. తర్వాతి పదికి ఎనిమిది పగిలాయి. హన్మకొండ చేరేదాకా ఒకటే పాట: "మామయ్యా, నేను షూటింగ్ నేర్చుకుంటా."

నేను మర్చిపోయాను, తను మర్చిపోలేదు. అదే ఏడాది జులై 28న పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం గెలిచింది. ఒలింపిక్స్ షూటింగ్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఆ రాత్రి మళ్లీ పాట మొదలైంది, ఈసారి "పిస్టల్ కొనియ్యి" అని. మా అక్కకు కోపం వచ్చింది. "పిస్టల్ ఏందిరా? పోలీసోళ్లు ఇంటికొస్తరు."

అక్కది ఉత్త భయం కాదు. ఉత్తర తెలంగాణలో ఎనభైలు, తొంభైలలో పెరిగినవాళ్లకు తుపాకి ఆట సామాను కాదు. ఒకపక్క అన్నలు, ఒకపక్క పోలీసులు, నడుమ ఊళ్లు. ఇక్కడ ఎవరితోనైనా "పిస్టల్ కొందామనుకుంటున్నా" అని చెప్పి చూడండి, ముందు గొంతు తగ్గించమంటారు. కాబట్టి ఏ కంపెనీది, ఎంత ధర అని అడగకముందు తేల్చాల్సినవి ఇంకో మూడున్నాయి. చట్టం ఏమంటోంది? ఏ పోటీ కోసం కొంటున్నాం? ఎవరి చేతికి కొంటున్నాం? చాలామంది కంపెనీ పేరుతో మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టి చేతులు కాల్చుకున్నాను, ఆ సంగతి తర్వాత చెబుతా.

లైసెన్స్ గొడవ

పిస్టల్ అనే ఒక్క మాటతో మనం రెండు వేర్వేరు వస్తువులను పిలుస్తున్నాం. ఒకటి మందుగుండుతో పేలేది, రెండోది గాలితో కొట్టేది. మన 1959 నాటి ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన రూల్స్ ఈ రెంటినీ విడదీశాయి. గుండు బయటికి వచ్చేటప్పుడు దాని శక్తి 20 జౌళ్ల (జౌల్ అంటే శక్తిని కొలిచే కొలమానం) లోపు ఉండి, బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 4.5 మిల్లీమీటర్లు దాటని ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి, బిల్లు తీసుకుని కొనుక్కోవచ్చు.

పోటీల్లో వాడే ఎయిర్ పిస్టల్ ఈ హద్దుకు ఎంత దగ్గరగా ఉంటుందో ఒకసారి లెక్క వేశాను. గుండు బరువు సుమారు అర గ్రాము, వేగం సెకనుకు 150 నుంచి 160 మీటర్లు. అంటే ఆరేడు జౌళ్లు. హద్దులో మూడో వంతు. ఒలింపిక్ పతకం కొట్టే పిస్టల్‌కు అంతకన్నా బలం అవసరం లేదు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, దుకాణంలో పనికొస్తుంది.

అసలు తికమక "పాయింట్ టూ టూ" (.22 అంగుళాల బోరు) దగ్గర వస్తుంది. ఆ పేరుతో మందుగుండు పిస్టల్ ఉంది, అదే పేరుతో ఎయిర్ గన్ కూడా ఉంది. మొదటిది 25 మీటర్ల పోటీలో వాడతారు, దానికి లైసెన్స్ తప్పనిసరి. రెండోది గాలిదే అయినా బోరు 5.5 మిల్లీమీటర్లు కాబట్టి పై మినహాయింపు దానికి వర్తించదు. పైగా 10 మీటర్ల పోటీల్లో 4.5 గుండు తప్ప ఇంకేదీ చెల్లదు. "పెద్ద గుండు అయితే బాగా తగులుతది" అని ఎవరైనా 5.5 అంటగట్టబోతే అక్కడినుంచి నడవండి.

మందుగుండు పిస్టల్ సంగతి కొంచెం చెప్పి వదిలేస్తా, మొదటిసారి కొనేవాళ్ల దారి అది కాదు కాబట్టి. లైసెన్స్‌కు 21 ఏళ్లు నిండాలి. దరఖాస్తు, పోలీసు విచారణ, ఆయుధాన్ని జాగ్రత్తగా వాడటంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ ఉంటాయి. జిల్లాల్లో కలెక్టర్, కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్ ఇస్తారు. 2019 సవరణ తర్వాత సాధారణ లైసెన్స్ మీద రెండు తుపాకులకు మించి ఉండకూడదు, లైసెన్స్ గడువు మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఎన్నికలు వస్తే స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. సినిమాల్లో కనిపించే 9 ఎం.ఎం. పిస్టల్ నిషిద్ధ బోరు, మామూలు పౌరులకు దొరకదు. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు అమ్మే పాయింట్ త్రీ టూ రివాల్వర్లు, పిస్టళ్లు ఆత్మరక్షణకు చేసినవి. అదే బోరుతో సెంటర్ ఫైర్ అనే పోటీ ఉన్నమాట నిజమే, కానీ ఆ పోటీ పిస్టళ్లు పూర్తిగా వేరే జాతి. పాయింట్ టూ టూ పోటీ పిస్టళ్లు విదేశాల నుంచే రావాలి, ఆ దిగుమతి వెసులుబాటు పోటీల్లో నిర్ణీత స్కోరు సాధించిన షూటర్లకే. కొత్తగా 25 మీటర్లకు వచ్చినవాళ్లు క్లబ్బు పిస్టల్‌తోనో, అకాడమీ పిస్టల్‌తోనో నేర్చుకోవాల్సిందే. అడవి దగ్గరి ఊళ్లలో చేతులు మారే నాటు తుపాకుల జోలికి పోతే నేరుగా జైలే.

లైసెన్స్ అక్కర్లేదంటే బొమ్మ అని అర్థం కాదు. ఆరేడు జౌళ్ల గుండు కంటికి తగిలితే కన్ను పోతుంది. పక్షులను కొడితే వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. చౌరస్తాలో బయటికి తీసి చూపిస్తే అది గాలిదా మందుదా అని ఎవరూ ఆగి అడగరు. బ్యాగులో పెట్టి, బిల్లు జిరాక్స్ వెంట ఉంచుకోవడమే మేలు. రైలెక్కే ముందు నేను మూడుసార్లు చూసుకుంటాను, బిల్లు ఉందా అని.

పది మీటర్లు, ఒక చెయ్యి

ఎయిర్ పిస్టల్ పోటీ నియమాలు తెలిస్తే సగం ఎంపిక దానంతటదే అయిపోతుంది. పది మీటర్ల దూరం. నిలబడి, ఒంటి చేత్తో, ఏ ఆసరా లేకుండా కాల్చాలి. 60 షాట్లు, ఎలక్ట్రానిక్ టార్గెట్లయితే గంటా పావు సమయం. పిస్టల్ బరువు 1500 గ్రాములు దాటకూడదు. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును ఆపాలి. టార్గెట్ నడుమ పది పాయింట్ల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, మన చిటికెన గోరంత అనుకోండి. చుట్టూ నల్లగా కనిపించే భాగం 59.5 మిల్లీమీటర్లు, ఏడు నుంచి పది దాకా అందులోనే.

మన దగ్గరి పిల్లలకు ఉదాహరణ కావాలంటే దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పదమూడేళ్లకే 2018 జాతీయ పోటీల్లో సీనియర్ ఎయిర్ పిస్టల్ గెలిచింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది, అందులో 25 మీటర్ల టీమ్ బంగారం ఒకటి. మొదట పది మీటర్లు, ఆ తర్వాత ఇరవై ఐదు. దాదాపు అందరు పిస్టల్ షూటర్లదీ ఇదే వరస.

ఇక నా తప్పు. షూటింగ్ అంటే ఏమిటో తెలియకముందే నేనే ఒక పిస్టల్ కొనేశాను, హైదరాబాద్‌లో ఒక దుకాణంలో. పేరెందుకులే. కౌంటర్ దగ్గరి మనిషి అచ్చం తుపాకి రాముడే. చెక్క తుపాకి భుజాన వేసుకుని కోతలు కోసే పిట్టల దొరను చిన్నప్పుడు చూసినవాళ్లకు నేను చెప్పేది అర్థమవుతుంది. "సార్, ఇరవై మీటర్ల నుంచి కొడితే ప్లైవుడ్‌లో దిగుతది" అన్నాడు. నాకు ప్లైవుడ్‌తో ఏం పని అని ఆ క్షణాన తోచలేదు. ప్యాక్ చేయమన్నాను.

అది స్ప్రింగ్ పిస్టల్. గొట్టాన్ని కిందికి వంచితే లోపల గట్టి స్ప్రింగ్ ముడుచుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకి గాలిని తోస్తుంది, ఆ గాలి గుండును తోస్తుంది. చిక్కేమిటంటే గుండు గొట్టం దాటేలోపే ఆ బరువైన పిస్టన్ దూకుడుకు చేతిలోని పిస్టల్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. నిన్న పట్టుకున్నంత బిగువుతోనే ఇవాళా పట్టుకుంటే సరే, కొంచెం తేడా వచ్చినా గుండు వేరేచోట పడుతుంది. అనుభవం ఉన్నవాళ్లు దాన్నీ దారికి తెచ్చుకుంటారు. కొత్తవాళ్లకు మాత్రం తప్పు తమదా, పిస్టల్‌దా అన్నది ఎప్పటికీ తేలదు. నేర్చుకునేవాళ్లకు అంతకు మించిన శాపం లేదు. ప్రతి షాట్‌కూ ఆ స్ప్రింగ్ వంచడం ఒకటి. ఇరవై షాట్లయ్యేసరికి నా చెయ్యి వణికేది. అరవై ఎక్కడినుంచి వస్తాయి?

ఇప్పుడది బీరువా పైన ఉంది. అమ్మేద్దామంటే మనసు ఒప్పడం లేదు, ఇంకొకరికి అంటగట్టినట్టవుతుంది.

గాలి ఎక్కడినుంచి వస్తుంది

స్ప్రింగ్ కాకుండా ఇంకో మూడు రకాలున్నాయి. కార్బన్ డయాక్సైడ్ చిన్న సిలిండర్లతో నడిచేవి ఒకటి. వాటిలో సినిమా పిస్టళ్ల నకళ్లే ఎక్కువ, ఎండకూ చలికీ ఒత్తిడి మారి గుండు వేగం మారుతుంది. మే నెలలో మన ఎండకు వాటి గురించి మాట్లాడటమే దండగ.

రెండోది సింగిల్ స్ట్రోక్. పక్కనో కిందనో ఒక లీవర్ ఉంటుంది, ఒక్కసారి లాగి మూస్తే ఆ షాట్‌కు సరిపడా గాలి లోపల బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఊగేదేమీ ఉండదు. సిలిండర్ నింపే బాధ లేదు, గాలి కోసం ఎవరి దగ్గరికీ పోనక్కర్లేదు. రష్యా బైకాల్ 46 ఎం ఈ రకంలో పేరున్నది, స్పెయిన్ గామో కాంపాక్ట్ ఇంకా చిన్న మెట్టు. లోటల్లా లీవర్ కొంచెం మొరాయిస్తుంది, అరవై షాట్లకు అరవైసార్లు లాగాలి. అయినా నెలకోసారి కూడా షూటింగ్ రేంజ్‌కు పోలేనివాళ్లకు, ఇంట్లో సాధన చేసుకునేవాళ్లకు, మంచి స్థితిలో ఒకటి దొరికితే నా ఓటు దీనికే.

మూడోది పీసీపీ (ప్రీ-చార్జ్‌డ్ న్యూమాటిక్), అంటే ముందే గాలి నింపి పెట్టుకునేది. ఇప్పుడు పెద్ద పోటీల్లో కనిపించేవన్నీ ఇవే. గొట్టం కింద సన్నటి సిలిండర్ ఉంటుంది, అందులో 200 బార్ల ఒత్తిడితో గాలి. కారు టైరులో ఉండేది రెండు బార్లు, ఆ పైన చిల్లర. పోల్చుకోండి. ఒకసారి నింపితే వందకు పైగా షాట్లు వస్తాయి, చేతికి శ్రమ లేదు, కుదుపు లేదు. ఆస్ట్రియా స్టెయర్, స్విట్జర్లాండ్ మోరిని, జర్మనీ వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావు, ఇటలీ పార్దిని, ఇవన్నీ ఈ కోవలోవే.

వరంగల్‌లో ఉండేవాళ్లకు పీసీపీతో వచ్చే మొదటి ప్రశ్న: గాలి ఎవరు నింపుతారు? పంక్చర్ షాపు కంప్రెసర్ పది బార్ల దగ్గరే ఆయాసపడుతుంది. దీనికి ప్రత్యేకమైన చేతి పంపు గానీ, నీటి అడుగున ఈదేవాళ్లు వాడే పెద్ద స్కూబా సిలిండర్ గానీ, హై ప్రెషర్ కంప్రెసర్ గానీ కావాలి. చేతి పంపుతో నింపడం మంచి కసరత్తు. పొరపాటున కూడా చేయకూడని పని ఒకటుంది, గ్యాస్ దుకాణానికి పోయి ఆక్సిజన్ నింపించడం. మామూలు గాలిలో ఐదో వంతే ఆక్సిజన్. అచ్చమైన ఆక్సిజన్ అంత ఒత్తిడిలో లోపలి గ్రీజుకు తగిలితే సిలిండర్ చేతిలోనే పేలుతుంది. మా బావ తనకు తెలిసిన ఆక్సిజన్ దుకాణం ఉందని సంబరంగా ఫోన్ చేసినప్పుడు నాకు చెమటలు పట్టాయి.

ఆ సిలిండర్ మీద తయారైన తేదీ చెక్కి ఉంటుంది. కంపెనీలు సాధారణంగా పదేళ్ల ఆయుష్షు ఇస్తాయి. పెద్ద పోటీల్లో పరికరాల తనిఖీ దగ్గర దాన్నీ చూస్తారు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు నేను ముందు చూసేది ఆ అంకెలే. పిస్టల్ తళతళలాడుతూ ఉండి సిలిండర్‌కు ఏడాదే మిగిలి ఉంటే, కొత్త సిలిండర్ ధర కూడా కలుపుకుని బేరం ఆడాలి.

చెయ్యి, వేలు, కన్ను

ఇక్కడ నిదానంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే డబ్బు పెట్టినా కొనలేని తేడా ఇక్కడే ఉంది.

ముందు గ్రిప్. పోటీ పిస్టళ్ల చెక్క పిడి అరచేతి ఆకారంలో చెక్కి ఉంటుంది. చిన్న, మధ్య, పెద్ద సైజులుంటాయి, కుడి చేతికీ ఎడమ చేతికీ వేరు. కింద అరచేతి అంచుకు ఆనుకునే చిన్న మెట్టు ఉంటుంది, దాన్ని పైకీ కిందికీ జరపొచ్చు. పిడి సరిగ్గా ఉంటే కళ్లు మూసుకుని చెయ్యి చాపి, మళ్లీ తెరిస్తే గురి చూసుకోవడానికి పిస్టల్ పైన ముందొకటి, వెనకొకటి ఉండే రెండు సైట్లూ వాటంతటవే ఒక వరసలో కనిపించాలి. కనిపించకపోతే మణికట్టు తిప్పి సరిచేస్తాం. ఆ తిప్పుడు అరవై షాట్లలో ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. పదులు పోయేది అక్కడే.

నా మేనకోడలికి రేంజ్‌లో మొదట ఇచ్చిన పిస్టల్ మధ్య సైజుది. తన చూపుడు వేలు ట్రిగ్గర్ దాకా చేరడానికి అరచెయ్యి కుడికి జారేది. టార్గెట్ కార్డు మీద గుండ్లన్నీ ఎడమవైపు తొమ్మిది, ఎనిమిదిలో గుంపుగా పడేవి. సైట్ తిప్పి సరిచేయొచ్చు కదా అన్నాను. కోచ్ గారు నవ్వలేదు. "సైట్ తిప్పితే ఇవాళ్టికి పది వస్తది సార్. పిల్ల చెయ్యి ఎప్పటికీ వంకరగానే నేర్చుకుంటది" అన్నారు. తర్వాత మేం సొంతది కొన్నాక, ఆయన దాని పిడి మీద పెన్సిల్‌తో గీతలు పెట్టి, ఆకురాయితో వేళ్ల దగ్గర రెండు మిల్లీమీటర్లు తీసి, ఇంకోచోట వుడ్ పుట్టీ పెట్టి, తన చేత నొక్కించారు. ఆరిన తర్వాత ఆ పుట్టీలో తన బొటనవేలి గీతలు కూడా కనిపించాయి. అద్దె పిస్టల్‌కు ఇదంతా చేయించలేం. సొంతది కొనాలనడానికి అసలు కారణం అదే. చేతికి పట్టుకోకుండా ఆన్‌లైన్‌లో పిడి సైజు ఊహించి కొంటే చెప్పులు ఊహించి కొన్నట్టే.

తర్వాత ట్రిగ్గర్. పోటీ రోజు అధికారులు పిస్టల్‌ను నిట్టనిలువుగా పట్టుకుని, ట్రిగ్గర్‌కు 500 గ్రాముల బరువు తగిలించి పైకి లేపుతారు. బరువు లేవాలి, ట్రిగ్గర్ తెగకూడదు, అంటే షాట్ విడవకూడదు. తెగితే లోపలికి పోనివ్వరు. అర కిలో అంటే వేలికి ఎంతో తెలియాలంటే అర లీటరు నీళ్ల సీసాకు దారం కట్టి చూపుడు వేలి కొసకు వేలాడదీసుకోండి. ఆ బరువు దగ్గర, ప్రతిసారీ ఒకేచోట, గీకుడు లేకుండా తెగడమే మంచి ట్రిగ్గర్ లక్షణం. మొదట కొంచెం వదులుగా కదులుతుంది, తర్వాత ఒక గోడ తగిలినట్టు ఆగుతుంది, ఆ గోడ దగ్గర ఇంకాస్త నొక్కితే షాట్. ఆ గోడ రోజుకోచోట ఉంటే పిస్టల్ ఎంత ఖరీదైనదైనా వద్దు.

ట్రిగ్గర్లలో మెకానికల్, ఎలక్ట్రానిక్ అని రెండున్నాయి. ఎలక్ట్రానిక్ చాలా సుతారంగా ఉంటుంది, కాదనను. కానీ మొదటి పిస్టల్‌కు నేను మెకానికలే అంటాను. బ్యాటరీ, సర్క్యూట్ ఏదన్నా మొరాయిస్తే బాగుచేసేవాళ్లు మనకు పక్క వీధిలో లేరు. పాడవడం ఎంత ఖరీదో టోక్యోలో చూశాం. 2021లో అక్కడ క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ పాడైంది. దాన్ని సరిచేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు కరిగిపోయాయి. తొందరలోనే 575 కొట్టినా 12వ స్థానం, ఫైనల్‌కు రెండు పాయింట్లు తక్కువ. ఒలింపిక్ షూటర్‌కు పక్కనే కోచ్ ఉన్నాడు, ఇంకో పిస్టల్ ఉంది. కాజీపేటలో రైలు దిగిన పిల్లకు అవేవీ ఉండవు.

డ్రై ఫైరింగ్ సౌకర్యం తప్పకుండా ఉండాలి. అంటే గాలి ఖర్చు కాకుండా, గుండు లేకుండా, ట్రిగ్గర్ మాత్రం నిజం షాట్‌లాగే తెగడం. మంచి షూటర్ల సాధనలో పెద్ద భాగం ఇదే. పైసా ఖర్చు లేదు, పది మీటర్ల స్థలం కూడా అక్కర్లేదు, తెల్ల గోడ చాలు.

ఇక కన్ను. కొత్తవాళ్లు టార్గెట్ వైపు చూస్తారు. చూడాల్సింది ముందు సైట్‌ను. టార్గెట్ మసకగా కనిపించినా ఫర్వాలేదు. ఎందుకో లెక్క చూస్తే నమ్మకం కుదురుతుంది. ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం 32 సెంటీమీటర్లు అనుకుందాం. రెండు సైట్లూ చక్కగా వరసలో ఉండి, చెయ్యి మొత్తంగా ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే గుండు కూడా ఒక మిల్లీమీటరే జరుగుతుంది. పది పదిగానే ఉంటుంది. అదే చెయ్యి కదలకుండా ముందు సైట్ ఒక్కటే వెనక సైట్ గాడిలో ఒక మిల్లీమీటరు పక్కకు పోతే, పది మీటర్ల దగ్గర అది 31 మిల్లీమీటర్లవుతుంది. పది పోయి ఏడు. చెయ్యి ఊగుతోందని బాధపడేవాళ్లంతా ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోవాలి. ఊగడం సహజం, దానికి పెద్ద శిక్ష లేదు. మణికట్టు వంగడానికే శిక్ష.

ఆత్మరక్షణ పిస్టల్‌తో టార్గెట్ షూటింగ్ ఎందుకు నేర్చుకోలేమో కూడా ఈ లెక్కే చెబుతుంది. దానిలో సైట్ల మధ్య దూరం ఇందులో సగం కూడా ఉండదు, అదే తప్పు రెట్టింపై కనిపిస్తుంది. వెనక సైట్ గాడి వెడల్పును స్క్రూ తిప్పి మార్చుకునే వీలున్న పిస్టల్ తీసుకుంటే పిల్లలు ఎదిగేకొద్దీ పనికొస్తుంది. నలభై దాటి మొదలుపెట్టే నాలాంటివాళ్లకు ముందు సైట్ మసకబారడం ఇంకో బాధ. పిస్టల్ మార్చే ముందు కళ్ల డాక్టర్ దగ్గరికి పోయి, చెయ్యి చాపినంత దూరం స్పష్టంగా కనిపించే అద్దం అడగండి. నాకు చాలా తక్కువ ఖర్చులో నాలుగైదు పాయింట్లు అలా పెరిగాయి.

డబ్బు సంగతి

విదేశీ పోటీ పిస్టల్ కొత్తది నేను వాకబు చేసినప్పుడు లక్షన్నర నుంచి రెండు లక్షలు, ఆ పైన కూడా చెప్పారు. మధ్యతరగతి ఇంట్లో అది స్కూటర్ కన్నా ఎక్కువ. అందుకే వరస మార్చమంటాను. మొదటి మూడు నెలలు దగ్గర్లో ఏ రేంజ్ ఉంటే అక్కడ వాళ్ల పిస్టల్‌తోనే నేర్చుకోవాలి. మేం నెలకు రెండు ఆదివారాలు పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పోయేవాళ్లం. రైలు ఖర్చు, రేంజ్ ఫీజు, గుండ్ల డబ్బాలు, అన్నీ కలిపినా పిస్టల్ ధరలో చిన్న ముక్క. ఆ మూడు నెలల్లో పిల్లకు నిజంగా ఇష్టం ఉందా, పతకం మోజా అన్నది కూడా తేలిపోతుంది.

తర్వాత సెకండ్ హ్యాండ్. పైమెట్టు ఎక్కే షూటర్లు పాతవి అమ్ముతుంటారు. కోచ్‌ను వెంటపెట్టుకుని పోవాలి. సిలిండర్ తేదీ, పిడి సైజు, నింపిన గాలి మర్నాటికీ అలాగే ఉందా, ట్రిగ్గర్ బరువు, సైట్ స్క్రూలు అరిగాయా, ఇవన్నీ చూడాలి. గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంటే పది షాట్ల వేగం చూడండి. వేగం ఎక్కువుందా అన్నది కాదు, పదీ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. కంపెనీలు పిస్టల్‌తో పాటు టెస్ట్ కార్డ్ ఇస్తాయి, బిగించి కాల్చినప్పుడు గుండ్లన్నీ ఒకే చిల్లులో పడ్డ కార్డు. అది భద్రంగా దాచిన మనిషి పిస్టల్‌నూ భద్రంగా చూసుకునే ఉంటాడు.

ప్రత్యేకమైన బూట్లు, జర్మన్ గుండ్లలో అన్నిటికన్నా ఖరీదైన రకం, కళ్లజోడు ఫ్రేము, ఇవన్నీ మొదటి ఏడాదికి వద్దు. గుండ్లు సీసంతో చేసినవి కాబట్టి కాల్చిన తర్వాత సబ్బుతో చేతులు కడుక్కున్నాకే మిర్చిబజ్జీ. అది ఖర్చు లేని నియమం, అయినా అందరూ మర్చిపోయేది.

పిస్టల్ కొనకముందే ఇంట్లో చేయగల పరీక్ష ఒకటుంది. లీటరు నీళ్ల సీసా నింపి, మెడ దగ్గర పట్టుకుని, చెయ్యి భుజం ఎత్తుకు చాపి పది సెకన్లు నిలపాలి. దించి అర నిమిషం ఆగి మళ్లీ. పోటీ పిస్టల్ కూడా ఇంచుమించు కిలో బరువే ఉంటుంది. మా మేనకోడలు మొదటి రోజు పదకొండుసార్లు చేసి సోఫాలో పడిపోయింది. అరవైకి చేరడానికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాతే మేం పిస్టల్ చూడటానికి పోయాం.

చివరికి కొన్నది చిన్న సైజు పిడి, మెకానికల్ ట్రిగ్గర్ ఉన్న పాత పీసీపీ. సిలిండర్‌కు ఇంకా ఆరేళ్లుంది. పది మీటర్లంటే 33 అడుగులు. అక్క వాళ్ల ఇల్లు నూటయాభై గజాల స్థలంలో కట్టింది, ముందు హాలు నుంచి వెనక వంటగది గోడ దాకా టేపు పెట్టి కొలిస్తే 34 వచ్చింది. నేల నుంచి 140 సెంటీమీటర్ల ఎత్తున టార్గెట్, దాని వెనక వెల్డింగ్ షాపులో చేయించిన ఇనుప డబ్బా, డబ్బా వెనక గోడకు మందపాటి చెక్క. కాల్చే దారిలోకి తెరుచుకునే తలుపు ఒక్కటే ఉంది, వంటగదిది. దానికి లోపలి నుంచి గడియ పెట్టాలన్నది రూలు. సాధన అయ్యాక పిస్టల్ గొట్టంలో రంగు దారం దూర్చి, అది రెండు వైపులా బయటికి కనిపిస్తేనే ఖాళీ అని లెక్క.

పోలీసోళ్లు వస్తరన్న అక్కే ఇప్పుడు ఆ గడియ తీసే ముందు లోపలి నుంచి కేకేస్తుంది: "దారం పెట్టినవా? చూపియ్యి, అప్పుడే చాయ్ తెస్త."